జానెడు నేల: పెరటి హద్దులు, పొరుగువారి హక్కులు

ఇల్లు కట్టుకున్న వారికి ఏదో ఒకనాడు చోటు చాలకుండా పోవటం సహజం. కుమారునికి వివాహమైతే మరో గది అవసరమవుతుంది. వృద్ధులైన తల్లిదండ్రులకు స్నానాలగది దగ్గరలో ఉండాలి. బట్టలు ఉతకటానికి, నీళ్ళతొట్టికి, నాలుగు కూరగాయ పాదులకు, రెండు మేకలను కట్టివేయటానికి కాస్త నేల కావాలి. ఇంటి ముందు వీధి ఉంది. ఇరుప్రక్కల పొరుగిళ్ళ గోడలు ఉన్నాయి. కాబట్టి చూపు పెరటివైపు మళ్ళుతుంది. ఏళ్ళ తరబడి ముళ్ళకంపతోనో, తాటాకు దడితోనో ఉన్న పెరటి చుట్టూ ఇటుకగోడ లేపి, ఉన్న చోటంతా ఉపయోగంలోకి తెచ్చుకోవాలన్న ఆలోచన కలుగుతుంది.

ఆలోచన మంచిదే. ఇరుకును భరించమని ఇస్లాం ఎవరినీ ఆదేశించలేదు. విశాలమైన ఇంటిని మనిషికి దొరికే సౌభాగ్యాలలో ఒకటిగా దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పేర్కొన్నారు. మంచి పొరుగును కూడా ఆ సౌభాగ్యాల జాబితాలోనే చేర్చారు. ఈ రెండు సౌభాగ్యాలు ఒకదానితో ఒకటి తలపడేది సరిగ్గా పెరటి హద్దు దగ్గరే. పునాది తవ్వేనాటి వరకు ఎవరికీ పట్టని ప్రశ్న ఆనాడు లేస్తుంది: హద్దు ఎక్కడ?

దడి ఏటేటా కొత్తగా కట్టేది. కట్టిన ప్రతిసారీ అరడుగు ఇటో, అటో జరిగేది. ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇటుకగోడ అలా కాదు. అది ఒకసారి లేచిందంటే మనవల కాలం వరకు నిలుస్తుంది. మామూలు ఇటుకగోడ మందం తొమ్మిది అంగుళాలు, అంటే ఒక జాన. గోడ మొత్తం గీతకు అవతల పడితే అవతలివారి నేల జానెడు పోయినట్లే. అరవై అడుగుల పొడవున్న పెరటికి ఆ జానెడు వెడల్పును లెక్కగడితే 45 చదరపు అడుగులు, అంటే సరిగ్గా అయిదు చదరపు గజాలు అవుతుంది. ఒక మనిషి సజ్దా చేయటానికి పట్టే చోటుకు ఇది కొన్ని రెట్లు ఎక్కువ.

జానెడు ఎందుకు ముఖ్యం?

"జానెడు" అనే కొలతను ఇక్కడ వాడటానికి కారణం ఉంది. అన్యాయంగా ఒకరి భూమిలో జానెడు తీసుకున్నా, ప్రళయదినాన ఏడు భూముల మేర అతని మెడకు చుట్టబడుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ హెచ్చరిక ఉంది. ఎకరాలు కాజేసేవారిని గురించి వేరే చెప్పనక్కర లేదన్నట్లు, మనుషులు తేలికగా తీసుకునే అతి చిన్న కొలతనే ఆయన ఉదాహరించారు. భూమి హద్దుగుర్తులను మార్చినవాడు దైవశాపానికి గురవుతాడని హజ్రత్ అలీ (రజి) ఉల్లేఖించిన మరో హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. నేల కాజేయటం ఒక నేరం. హద్దురాయి జరపటం దానికి తోడు మరో నేరం. ఎందుకంటే హద్దురాయిని జరిపినవాడు నేలతోపాటు సాక్ష్యాన్ని కూడా దొంగిలిస్తున్నాడు.

జానెడు భూమి హదీసును ఉల్లేఖించినవారిలో హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) ఒకరు. ఆయన జీవితంలోనే దానికి పరీక్ష ఎదురైంది. మదీనా పరిసరాల్లో ఆయనకు భూమి ఉండేది. అర్వా అనే స్త్రీ తన నేలలో కొంత ఆయన కలుపుకున్నారని మదీనా పాలకుడైన మర్వాన్ వద్ద ఫిర్యాదు చేసింది. దైవప్రవక్త నోటినుండి ఆ మాట విన్న తరువాత తాను అలాంటి పని చేస్తానా అని సయీద్ (రజి) అడిగారు. అంతటితో ఆగక, ఆమె అడిగిన నేలను ఆమెకే వదిలివేశారు. ఆమె చెప్పింది అబద్ధమైతే తీర్పు అల్లాహ్‌కు అప్పగిస్తున్నానని ప్రార్థించారు. తరువాత ఆమె చూపు కోల్పోయిందనీ, ఆ నేలలోని బావిలోనే పడి మరణించిందనీ హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. తనదే అని నమ్మిన నేలను కూడా సందేహం లేచినప్పుడు వదులుకోగలగటం ఇందులో ప్రధాన విషయం. హద్దు తగాదాలలో ఇరుపక్షాలకూ తమదే న్యాయమన్న నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకాన్ని ఎంతవరకు పట్టుకోవాలన్నదే అసలు పరీక్ష.

మస్జిద్ విస్తరణలో ఒక ఇల్లు

సొంత పెరడు పెంచుకోవటం అలా ఉంచితే, దైవగృహాన్ని విస్తరించటానికైనా పొరుగువారి స్థలాన్ని వారి ఇష్టం లేకుండా తీసుకోవచ్చా? ఈ ప్రశ్న ఖలీఫా ఉమర్ (రజి) కాలంలోనే వచ్చింది. హిజ్రీ 17లో, అంటే క్రీ.శ. 638 ప్రాంతంలో, మదీనాలోని ప్రవక్త మస్జిద్ జనానికి చాలక విస్తరణ మొదలైంది. మస్జిద్‌కు ఆనుకొని ప్రవక్త పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి) ఇల్లు ఉండేది. దానిని ధరకు అమ్మమనీ, లేదా మరోచోట స్థలం తీసుకోమనీ, లేదా దానంగా ఇవ్వమనీ ఉమర్ (రజి) మూడు మార్గాలు చూపారు. అబ్బాస్ (రజి) మూడింటినీ నిరాకరించారు. వివాదం హజ్రత్ ఉబయ్ బిన్ కఅబ్ (రజి) మధ్యవర్తిత్వానికి వెళ్ళింది. యజమాని అంగీకారం లేనిదే ఇల్లు తీసుకోవటానికి వీల్లేదని ఆయన ఖలీఫాకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. ఉమర్ (రజి) ఆ తీర్పుకు తలవంచారు. తన హక్కు నిలిచిన తరువాత అబ్బాస్ (రజి) ఆ ఇంటిని తానే స్వయంగా మస్జిద్‌కు ఇచ్చివేశారు. ఇబ్న్ సఅద్ వంటి చరిత్రకారులు ఈ సంఘటనను నమోదు చేశారు.

తరువాతి ధర్మవేత్తలు రహదారి వంటి ప్రజావసరానికి ప్రభుత్వం న్యాయమైన వెల చెల్లించి స్థలం తీసుకోవచ్చునని అంగీకరించారు. కాని ఆ మినహాయింపు ప్రజావసరానికే, అదీ వెల చెల్లించిన పిమ్మటే. ఒక కుటుంబానికి గది ఇరుకైనంత మాత్రాన అది వర్తించదు.

హద్దును కనిపెట్టేదెలా?

తప్పు చేయాలనే ఉద్దేశం లేకున్నా హద్దు తెలియకపోవటం తరచు జరుగుతుంది. దీనికి కారణాలు తెలుసుకోవటం మంచిది.

పొలాలకు సర్వే నెంబర్లు, కొలతలు, హద్దురాళ్ళు ఉంటాయి. ఆంధ్ర జిల్లాలలో 1923 నాటి సర్వే, హద్దుల చట్టం ప్రకారం రాళ్ళు పాతించే, కాపాడే పద్ధతి ఏర్పడింది. కాని పల్లెల్లో ఇళ్ళున్న జాగా చాలావరకు "గ్రామకంఠం" పేరిట ఒకే ముక్కగా పాత పటాలలో చూపబడింది. అందులో ఎవరి ఇల్లు ఎంత, ఎవరి దొడ్డి ఎంత అనే విభజన ఉండేది కాదు. ఊళ్ళలో పెరటి తగాదాలు కొలతతో తేలకపోవటానికి ఇదొక ప్రధాన కారణం. నివాస ప్రాంతాలను డ్రోన్లతో కొలిచి ఇంటి యజమానులకు పత్రాలివ్వటానికి కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించిన స్వామిత్వ పథకం ఈ లోటును పూరించటానికి ఉద్దేశించినదే. అయితే డ్రోను ఆనాడు నిలిచి ఉన్న గోడను చూపుతుంది; ఆ గోడ న్యాయంగా నిలిచిందో లేదో చూపదు.

దస్తావేజు ఉన్నచోట రెండు విషయాలు చూడాలి: విస్తీర్ణం, చౌహద్దులు. ఎకరం 4840 చదరపు గజాలు. అందులో నూరోవంతు సెంటు 48.4 గజాలు, నలభయ్యోవంతు గుంట 121 గజాలు. దస్తావేజులో వ్రాసిన గజాలకూ, నాలుగు వైపులా చెప్పిన హద్దులకూ పొంతన కుదరనప్పుడు, సాధారణంగా న్యాయస్థానాలు చౌహద్దులకే ప్రాధాన్యమిస్తాయి. "నా కాగితంలో రెండు వందల గజాలుంది, గోడలోపల నూట తొంభయ్యే ఉంది, ఆ పది గజాలు పొరుగువాడే తిన్నాడు" అన్న వాదం అందుకే ఎల్లప్పుడూ నిలవదు. వ్రాసినవాడే తప్పుగా కొలిచి ఉండవచ్చు. లేదా ఆ పది గజాలు మూడోవైపున వీధిలో కలిసి ఉండవచ్చు.

కాగితాలే లేనిచోట ఏం చేయాలి? ఈ ప్రశ్నను ముస్లిం ధర్మవేత్తలు శతాబ్దాల క్రితమే లోతుగా పరిశీలించారు. రెండు ఇళ్ళ మధ్యగోడ ఎవరిదో తెలియనప్పుడు, దాని ఇటుకలు ఏ ఇంటి కట్టుబడిలో పెనవేసుకుని ఉన్నాయో చూడమని హనఫీ ధర్మవేత్తలు చెప్పారు. అది తేలకపోతే, ఎవరి ఇంటి దూలాలు ఆ గోడపై ఆని ఉన్నాయో చూడాలి. ఏ గుర్తూ లేకపోతే గోడ ఇద్దరికీ ఉమ్మడిదిగా భావించాలి. పద్నాలుగో శతాబ్దంలో ట్యూనిస్ నగరంలో ఇబ్న్ అర్రామీ అనే తాపీమేస్త్రి ఉండేవాడు. గోడల, మురుగుకాల్వల, కిటికీల తగాదాలలో ఖాజీలు అతనిని పంపి పరిశీలింపజేసేవారు. తన అనుభవాన్నీ, మాలికీ ధర్మవేత్తల తీర్పులనూ కలిపి అతడు భవన నిర్మాణ ధర్మాలపై ఒక గ్రంథమే వ్రాశాడు. ధర్మం తెలిసిన ఖాజీ, గోడ తెలిసిన మేస్త్రి కలిస్తేనే తీర్పు సరిగా వస్తుందన్నది ఆనాటి పద్ధతి. ఈనాడు ఆ మేస్త్రి స్థానంలో సర్వేయరు ఉన్నాడు.

సొంత నేలలో ఏదైనా చేయవచ్చా?

గోడ గీతకు లోపలే ఉందనుకుందాం. అంతటితో బాధ్యత తీరిపోతుందా? తొలినాటి హనఫీ న్యాయసూత్రం ప్రకారం యజమాని తన నేలలో తన ఇష్టం వచ్చినట్లు చేసుకోవచ్చు. కాని పొరుగువారికి స్పష్టమైన, తీవ్రమైన హాని కలిగించే పనిని అడ్డుకోవచ్చునని తరువాతి హనఫీ పండితులు నిర్ణయించారు. హాని తలపెట్టరాదు, హానికి ప్రతిగా హాని చేయరాదు అన్న ప్రవక్త బోధన దీనికి ఆధారం.

ఉస్మానియా తుర్కీ సామ్రాజ్యంలో 1869–1876 మధ్య అహ్మద్ జౌదత్ పాషా నాయకత్వంలో వెలువడిన "మజల్లా" అనే న్యాయస్మృతి హనఫీ సూత్రాలను 1851 నిబంధనలుగా క్రోడీకరించింది. భారతదేశంలో అది చట్టంగా అమలు కాలేదు. కాని పొరుగువారి హక్కులను గురించిన దాని నిబంధనలు నేటి ఏ ఊరికైనా అన్వయించేంత సూటిగా ఉన్నాయి. వాటి సారాంశం ఇది.

గోడను ఎంత ఎత్తు లేపినా, తీవ్రమైన హాని లేనంతవరకు పొరుగువారు ఆపలేరు. కట్టడాన్ని బలహీనపరచి కూల్చే పని, లేదా ఇంటి ప్రాథమిక అవసరానికే అడ్డుపడే పని తీవ్రమైన హాని. ఎండ, గాలి, దూరపు దృశ్యం కొంత తగ్గటం అలాంటిది కాదు. కాని ఒకే కిటికీ ఉన్న గదిలో అక్షరాలు చదవలేనంత చీకటి కమ్మితే అది తీవ్రమైన హాని. బావి దగ్గర మరుగుగుంట తవ్వి నీటిని పాడుచేస్తే దానిని తొలగించాల్సిందే. చెట్టుకొమ్మలు పొరుగు పెరట్లోకి వాలితే వాటిని కట్టించమని గాని, కొట్టించమని గాని పొరుగువారు అడగవచ్చు. కేవలం నీడ పడుతోందని చెట్టునే కొట్టమనటానికి వీల్లేదు. పక్కింటి స్త్రీలు తిరిగే వంటిల్లు, బావిగట్టు, పెరటి వాకిలి కనబడేలా కొత్త కిటికీ పెడితే, ఆ చూపును మూసేలా గోడనో తడికనో కట్టవలసి ఉంటుంది. మనిషి ఎత్తుకు పైన పెట్టిన కిటికీకి ఈ అభ్యంతరం ఉండదు. ఉమ్మడి గోడపై రెండోవారి అనుమతి లేకుండా ఎత్తు పెంచరాదు.

భారతదేశపు 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం వేరే మూలాలనుండి వచ్చినా కొన్నిచోట్ల ఇదే గమ్యానికి చేరింది. ఒక భవనానికి ఇరవై ఏళ్ళపాటు నిరాటంకంగా, హక్కుగా వెలుతురు, గాలి అందుతూ ఉంటే వాటిని నిలుపుకునే హక్కును ఆ చట్టం గుర్తిస్తుంది. పొరుగువారి భూమికి తన భూమి ఇచ్చే సహజమైన ఆనికను తీసివేయరాదంటుంది. అంటే హద్దు అంచునే లోతుగా గుంట తవ్వి అవతలి నేల జారిపోయేలా చేయరాదు. పొరుగింటి మరుగును భంగపరిచే కొత్త కిటికీని స్థానిక ఆచారం అడ్డుకోవచ్చునన్న ఉదాహరణ కూడా ఆ చట్టంలోనే ఉంది. ఇవిగాక ఇంటి చుట్టూ ఖాళీ వదలాలన్న పురపాలక నియమాలు ఉన్నాయి. గాలికీ, వెలుతురుకూ, అగ్నిప్రమాద సమయంలో మనిషి తిరగటానికీ ఆ ఖాళీ అవసరం. కాబట్టి అదికూడా పొరుగువారి హక్కులో భాగమే.

అడిగి తీసుకోవటం

పెరడు పెంచుకోవటానికి ధర్మసమ్మతమైన మార్గాలు మూసుకుపోలేదు. పొరుగువారి దగ్గర రెండడుగుల పట్టీ కొనుక్కోవచ్చు. వారు ఇష్టపూర్వకంగా ఇస్తే హిబాగా, అంటే బహుమతిగా పొందవచ్చు. లేదా వాడుకోవటానికి మాత్రమే ఎరవుగా తీసుకోవచ్చు. ఈ మూడూ వేరువేరు. తగాదాలు చాలావరకు వీటిని కలగాపులగం చేయటంవల్లనే పుడుతున్నాయి.

"కట్టుకో భాయీ, దానిదేముంది!" అని పొరుగాయన అన్నాడనుకుందాం. అది నేల ఇచ్చినట్లా, వాడుకోనిచ్చినట్లా? ఇచ్చినట్లని పుచ్చుకున్నవాని కొడుకు అంటాడు. వాడుకోనిచ్చినట్లని ఇచ్చినవాని కొడుకు అంటాడు. తండ్రులిద్దరూ కబ్రస్తాన్‌లో ప్రక్కప్రక్కనే పడుకుని ఉంటారు, కొడుకులు కోర్టు వరండాలో ఎడముఖం పెడముఖంగా నిలబడి ఉంటారు. ఫిఖహ్ ప్రకారం హిబా నిలవాలంటే ఇస్తున్నానన్న ప్రకటన, పుచ్చుకుంటున్నానన్న అంగీకారం, స్వాధీనం చేయటం, ఈ మూడూ జరగాలి. ముస్లింల హిబాకు రిజిస్టర్డ్ పత్రం తప్పనిసరి కాదని భారతీయ న్యాయస్థానాలు అంగీకరించాయి. అయినా వ్రాసుకోవటమే మేలు. గడువుగల లావాదేవీలను వ్రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని బోధించే బఖరా సూరాలోని 282వ వాక్యం దివ్య ఖురాన్‌లోకెల్లా దీర్ఘమైనది. అమ్మకానికైతే నూరు రూపాయలు, ఆపై విలువగల స్థిరాస్తికి రిజిస్ట్రేషన్ చట్టరీత్యా తప్పనిసరి.

కాగితం పుచ్చుకున్నవానిని మాత్రమే కాపాడుతుందనుకోవటం పొరపాటు, ఇచ్చినవానినీ కాపాడుతుంది. వాడుకోనిస్తే నేల పోతుందేమోనన్న భయంతో చాలామంది మంచిమనసును అణచుకుంటారు. అనుమతితో ఉన్న స్వాధీనం ఎన్నేళ్ళు గడిచినా దానంతటది హక్కుగా మారదు. ఆ అనుమతిని ఒక చిన్న కాగితం మీద వ్రాసి ఇద్దరూ సంతకం చేస్తే నిర్భయంగా ఉపకారం చేయవచ్చు. పొరుగువాడు తన గోడలో దూలం ఆనించుకోబోతే ఆపవద్దని దైవప్రవక్త (స) చెప్పారు. ఇది విధి అని హన్బలీలు, ప్రోత్సాహమేనని హనఫీ, మాలికీ ధర్మవేత్తలు అన్నారు. ఏ విధంగా చూసినా, కాస్త చోటిచ్చే గుణం ముస్లిం పొరుగుకు ఉండవలసినదే.

అయితే ఇచ్చేవారికి ఇచ్చే అధికారం ఉందా అన్నది కూడా చూడాలి. పెద్దాయన చనిపోయాక పెరడు చాలా ఇళ్ళలో పంచుకోకుండా ఉండిపోతుంది. అక్కడ కాపురముండే అన్న "తీసుకో" అన్నంత మాత్రాన, అత్తవారిళ్ళలో ఉన్న అక్కచెల్లెళ్ళ వాటా పోదు. దివ్య ఖురాన్ నిర్ణయించిన ఆ వాటా ఆ రెండడుగుల పట్టీలోనూ ఉంది. యజమాని చిన్నపిల్లవాడైతే అతని సంరక్షకునికి ఉచితంగా ఇచ్చే హక్కే లేదు. అనాథల ఆస్తి తినటం కడుపులో నిప్పు నింపుకోవటమేనని నిసా సూరా హెచ్చరిస్తోంది.

పన్నెండేళ్ళు గడిస్తే?

గోడ అప్పటికే అవతల లేచి ఉంటే ఏం చేయాలి? ఫిఖహ్ గ్రంథాల పరిపాటి ప్రకారం ఇద్దరికీ జైద్, అమ్ర్ అని పేర్లు పెట్టుకుందాం. జైద్ పెరటిగోడ అమ్ర్ నేలలోకి మూడడుగులు వెళ్ళింది. అమ్ర్ మొగమాటస్థుడు, పైగా జీవనోపాధికి గల్ఫ్ దేశంలో ఉన్నాడు. ఏళ్ళు గడిచాయి.

భారతదేశంలో ఇలాంటి తగాదాలు అందరికీ వర్తించే సామాన్య చట్టం ప్రకారమే తేలుతాయి. 1937 నాటి షరీఅత్ చట్టం వివాహం, వారసత్వం, హిబా, వక్ఫ్ వంటి విషయాలకే పరిమితం. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, ఇతరుల నేలను బహిరంగంగా, యజమాని హక్కును ధిక్కరిస్తూ, అవిచ్ఛిన్నంగా పన్నెండేళ్ళు అనుభవిస్తే యజమాని దావా కాలం చెల్లిపోతుంది. ప్రభుత్వ భూమి విషయంలో ఈ గడువు ముప్పయ్యేళ్ళు. ఈ సూత్రం అన్యాయంగా ఉందనీ, పునఃపరిశీలించాలనీ 2008లో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. మార్పు అవసరం లేదని 2023లో న్యాయ కమిషన్ తన 280వ నివేదికలో అభిప్రాయపడింది. కాబట్టి చట్టం ఉన్నదున్నట్లే ఉంది. అమ్ర్ పదమూడో ఏట వచ్చి దావా వేస్తే జైద్ గెలవవచ్చు.

మరి ఆ మూడడుగులు జైద్‌కు హలాల్ అయినట్లేనా? కాలేదు. కాలం గడిచిందన్న కారణంతో హక్కు రద్దు కాదని "మజల్లా" 1674వ నిబంధన స్పష్టంగా చెబుతోంది. ఆ స్మృతి కూడా సాధారణ దావాలకు పదిహేనేళ్ళు, వక్ఫ్ ఆస్తి దావాలకు ముప్పయ్యారేళ్ళు గడువు పెట్టింది. ఆ గడువు దాటితే ఖాజీ దావా వినడు. పాతబడిన సాక్ష్యాలతో కోర్టులు నిండిపోకుండా, మోసపు దావాలు పెరగకుండా పెట్టిన ఏర్పాటు అది. కాని ప్రతివాది ఖాజీ ఎదుట నిలిచి "అవును, ఆ నేల అతనిదే" అని ఒప్పుకుంటే, ఎన్నేళ్ళు గడిచినా లెక్కలేదు. నేల యజమానికే చేరుతుంది. మూసుకున్నది న్యాయస్థానపు తలుపు మాత్రమే, జైద్ మెడమీది బాధ్యత అలాగే ఉంది. దానిని తీర్చుకోవటానికి నేల తిరిగి ఇవ్వటమో, వెల చెల్లించటమో, అమ్ర్‌ను అడిగి మనస్ఫూర్తి క్షమాపణ పొందటమో చేయాలి.

తెలియక కట్టినవారికి ధర్మవేత్తలు కొంత వెసులుబాటు ఇచ్చారు. ఇతరుల నేలలో కట్టినవాడు కట్టడం తీసివేసి నేల అప్పగించాలన్నది ప్రధాన సూత్రం. కాని తనదేనన్న సహేతుకమైన నమ్మకంతో కట్టి, ఆ కట్టడం విలువ నేల విలువకు మించితే, నేల వెల చెల్లించి దానిని తీసుకోవచ్చునని "మజల్లా" అంటోంది. తెలిసీ కట్టినవానికి ఈ వెసులుబాటు లేదు.

కబ్రస్తాన్‌కు ఆనుకున్న పెరళ్ళ సంగతి ఇంతకంటే కఠినమైనది. పొరుగువాని జానెడు నేలకు పొరుగువాడైనా క్షమాపణ ఇవ్వగలడు. వక్ఫ్ నేలను అమ్మటానికి, ఇవ్వటానికి, వారసత్వంగా పంచుకోవటానికి ఎవరికీ హక్కు లేదు. "ముతవల్లీ సాహెబ్ ఒప్పుకున్నారు" అన్న మాటకు విలువ లేదు. ఆయన కాపలాదారే గాని యజమాని కాడు. వక్ఫ్ ఆస్తుల తిరిగి స్వాధీనానికి కాలపరిమితి వర్తించదని 1995 నాటి వక్ఫ్ చట్టం 107వ సెక్షన్‌లో ఉండేది. 2025 నాటి సవరణ చట్టం ఆ సెక్షన్‌ను తొలగించింది. చట్టపు కంచె తొలగినచోట కాపలా కాయవలసింది ముస్లింల మనస్సాక్షే. ముందు ఆక్రమించినవాడు బయటివాడా, ఇంటివాడా అని సమాధులు అడగవు.

గోడకు ముందు చేయవలసినవి

ఇంతవరకు చెప్పుకున్న దానిని ఆచరణలో పెట్టటం కష్టం కాదు. ఇటుకలు దింపకముందే రెండు ఇళ్ళ దస్తావేజులు పక్కపక్కన పెట్టుకుని చౌహద్దులు చదవాలి. సర్వేయరును ఒకరు రహస్యంగా పిలవకూడదు. ఇద్దరూ కలిసి పిలిచి, ఖర్చు సగంసగం పెట్టుకుంటే ఫలితాన్ని ఇద్దరూ నమ్ముతారు. కొలిచేనాడు ఊళ్ళో పెద్దవయసువారిని ఒకరిద్దరిని ఉంచాలి. పాత బావిగట్టు, వేపచెట్టు మొదలు, దడి గుంజలు పాతిన గుంటలు వారికే గుర్తుంటాయి. గోడ ఎవరి నేలలో పడుతుంది, ఉమ్మడిదైతే ఖర్చు ఎవరెంత, చూరునీరు ఎటు పడుతుంది అన్నవి వ్రాసుకోవాలి. గోడ సొంత నేలలో ఉంటే, దాని పునాది పొడుగు కూడా గీత దాటకుండా చూడాలి. పైన తొమ్మిదంగుళాల గోడ క్రింద పునాది అంతకు రెండింతలో, ఇంకా ఎక్కువో ఉంటుంది. మట్టి కప్పేశాక అది ఎవరికీ కనబడదు, ఒక్కనికి తప్ప.

ఇంత చేసినా హద్దు తేలని సందర్భాలు ఉంటాయి. సాక్ష్యాలు చెదిరిపోయిన పాత వారసత్వపు ఆస్తిని గురించి ఇద్దరు మనుషులు దైవప్రవక్త (స) వద్దకు వచ్చిన సంఘటనను హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తెలిపారు. ఇద్దరికీ మాట తప్ప రుజువు లేదు. తానూ మనిషినేననీ, విన్నదానిని బట్టే తీర్పు చెబుతాననీ, ఒకరు వాదనలో నేర్పరి కావటంవల్ల తన తీర్పు ద్వారా ఇతరుని హక్కు అతనికి దక్కితే, అది నిప్పుముక్క అని తెలుసుకుని తీసుకోవద్దనీ ఆయన వారికి చెప్పారు. అది విని ఇద్దరూ కన్నీరు పెట్టుకున్నారు. నా హక్కు నీకే అని ఎవరికి వారు రెండోవారితో అన్నారు. అప్పుడు ప్రవక్త (స), వీలైనంత న్యాయంగా రెండు భాగాలు చేసుకోమనీ, ఎవరికి ఏ భాగమో చీటీలు వేసుకోమనీ, తరువాత ఒకరినొకరు క్షమించుకోమనీ మార్గం చూపారు.

గోడ లేపేముందు ఆ మూడు పనులూ ఆ క్రమంలోనే జరిగితే, గోడకు రెండువైపులా ఉన్నవారు పండుగనాడు ఒకరింటికి ఒకరు సేవయ్యాలు పంపుకోగలుగుతారు. జానెడు తగ్గినా ఆ పెరడు విశాలమైనదే.